యాజమాన్యం

ఖరగ్‌పూర్ వర్క్‌షాపు గేటు దగ్గర యూనియన్లు అంటించే పోస్టర్లను నిలబడి చదవడం భాషాపిచ్చి ఉన్నవాడికి మంచి కాలక్షేపం. డిమాండ్లు ఒకటే, కోపం ఒకటే. ఆ కోపం ఎవరి మీద అన్న దగ్గర మాత్రం భాషలు విడిపోతాయి. బెంగాలీలో అది 'కర్తృపక్షం' మీద. హిందీలో 'ప్రబంధన్' మీద. తెలుగులో 'యాజమాన్యం' మీద. కర్త అంటే పని చేసేవాడు, ప్రబంధకుడంటే ఏర్పాట్లు చూసేవాడు. ఈ ఇద్దరికీ ఆస్తి ఉండాలన్న నియమం లేదు. యజమానికి ఉండాలి. రైల్వేలో జనరల్ మేనేజరు దాకా వెళ్లి వెతికినా అక్కడ ఒక్క రివెట్టు కూడా ఎవరికీ సొంతం కాదు. అయినా ఉత్తరాంధ్ర నుంచి వచ్చి నాలుగు తరాలుగా ఇక్కడ ఇనుముతో పెనుగులాడుతున్న తెలుగువాడు వాళ్లని యాజమాన్యం అనే అంటాడు.

ఈ మాటకి మన దగ్గర పనులు చాలా ఎక్కువ. భూమి కాగితాల్లో యాజమాన్య హక్కంటే సొంతదారు హక్కు. సమ్మె వార్తలో యాజమాన్యమంటే జీతాలిచ్చే అధికారులు. ఇంజనీరింగ్ కాలేజీ కథలో యాజమాన్యమంటే ఫీజు వసూలు చేసే కుటుంబం, వాళ్ల చేతిలోని సీట్లు యాజమాన్య కోటా. వ్యవసాయ శాఖవారు ఇంకో అడుగు వేసి నీటి యాజమాన్యం, పోషకాల యాజమాన్యం అన్నారు, చివరికి తెగుళ్ల యాజమాన్యం అని కూడా రాశారు. దోమపోటుకి సొంతదారు ఎవరో నాకిప్పటికీ తెలీదు. నవ్వుకోవడానికి బాగానే ఉంటుంది గానీ, సొంతం వేరు, నడపడం వేరు అని ప్రపంచమంతా వందేళ్లుగా పుస్తకాలు రాస్తుంటే ఆ రెంటినీ ఒకే మాటలో కుక్కి పెట్టుకున్న భాష మనది. అది మన అజాగ్రత్తా, లేక మన కంపెనీల సంగతి తెలిసిన భాషేనా అన్నది చూడాలి.

యజమాని పుట్టిల్లు యజ్ఞశాల. 'యజ్' ధాతువు మీద ఆత్మనేపద ప్రత్యయం చేరితే యజమానుడు. ఇక్కడ పాణిని ఒక సూక్ష్మం చెప్పాడు. కొన్ని ధాతువులకి రెండు రకాల రూపాలూ ఉంటాయి. పని ఫలితం చేసినవాడికే దక్కేట్టయితే ఆత్మనేపదం, మరొకరికి దక్కేట్టయితే పరస్మైపదం. మంత్రాలు చదివి హోమం చేసే ఋత్విక్కుకి 'యజతి'. ఖర్చు పెట్టి స్వర్గం కోరుకునే గృహస్థుకి 'యజతే'. యజ్ఞం ఒకటే, మంట ఒకటే, నెయ్యి ఒకటే, ఫలం ఎవరికన్నది మాత్రం క్రియ చివర తేలుతుంది.

దీన్ని అర్థం చేసుకోవడానికి మనకి సంస్కృతం అక్కర్లేదు. మన 'కొను' ఆ పనే చేస్తుంది. పెళ్లి చేశాడు, పెళ్లి చేసుకున్నాడు. ఈ రెంటికీ తేడా తెలియని తెలుగు పిల్లాడు లేడు. పంతులుగారు సత్యనారాయణ వ్రతం చేయించారు, ఆ దంపతులు వ్రతం చేసుకున్నారు. పంతులుగారు వ్రతం చేసుకున్నారంటే ఆయన తన ఇంట్లో చేసుకున్నట్టే. అంటే యజమాని చేసుకునేవాడు, ఋత్విక్కు చేసేవాడు. చేసేవాడికి దక్షిణ, చేసుకునేవాడికి ఫలం. కార్పొరేట్ గవర్నెన్స్ అన్న పేరుతో సెబీ, కంపెనీల చట్టం, ఆడిట్ కమిటీలు వేల పేజీల్లో చెప్పేదంతా ఒక్క ప్రత్యయం గొడవ: చేసేవాడు చేసుకోకుండా చూడటం.

శ్రౌతకర్మలో ఈ చూడటానికి ఏర్పాటుంది. నలుగురు ప్రధాన ఋత్విక్కుల్లో బ్రహ్మ అనే ఆయనకి వేల్చే పని దాదాపు ఉండదు. దక్షిణం పక్కన మౌనంగా కూర్చుని మిగతావాళ్లు ఎక్కడ తప్పుతారో కనిపెట్టి, తప్పితే ప్రాయశ్చిత్తం చెప్పడం ఆయన వంతు. ఆయన్ని వరించేది యజమానే, దక్షిణ ఇచ్చేదీ యజమానే. హోమం చేసే అధ్వర్యుడు ఆయన్ని ఎంచుకోడు. మన కంపెనీల్లో కూడా కాగితం మీద ఆడిటర్‌ని నియమించేది వాటాదారుల సర్వసభ్య సమావేశమే. ఆ పేరు ముందుగా ఏ గదిలో ఖాయమవుతుందో తెలియనిది ఎవరికి? యజమాని కూడా ఊరికే కూర్చోకూడదు. తెలుగు వైదికుల్లో ఎక్కువమంది అనుసరించే ఆపస్తంబ శ్రౌతసూత్రంలో నాలుగో ప్రశ్నంతా 'యాజమానం', అంటే యజమాని చేయాల్సిన పనులు. మన యాజమాన్యానికి దగ్గరి చుట్టం అదే. అందులో ముఖ్యమైనది త్యాగం చెప్పడం. ఆహుతి పడిన ప్రతిసారీ ఇది ఫలానా దేవతది, నాది కాదు అని యజమాని పైకి పలకాలి. మనసులో అనుకుంటే చాలదు. సొమ్ము ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి మారిందో నలుగురికీ వినబడాలి. వెల్లడి అన్న మాట వెలి, వెలుపల కుటుంబానిదే. లోపలిది బయటికి రావడమే దాని అర్థం.

బెంగాలీలో ఈ యజమాని ఇంకా పూజగదిలోనే ఉన్నాడు. అక్కడ 'జజమాన్' అంటే పురోహితుడికి వాడుక ఇల్లు, ఆయన పూజ చేయించే ఖాతాదారు. సొంతదారుని వాళ్లు 'మాలిక్' అంటారు. యజ్ఞం నుంచి ఇంటికి, ఇంటి నుంచి ఫ్యాక్టరీకి ఆ మాటని నడిపించుకొచ్చింది మనం.

ఆ ఫ్యాక్టరీల్లో ఒకటి బెంగాల్ నాగపూర్ రైల్వేది. కంపెనీ 1887లో లండన్‌లో పుట్టింది. 1900లో ఖరగ్‌పూర్ మీదుగా లైను హౌరాకి చేరింది. 1902లో తూర్పు తీరపు లైనులో కటక్ నుంచి ఉత్తరాంధ్ర దాకా ఉన్న ముక్క కూడా ఈ కంపెనీకే వచ్చింది. గంజాం, విశాఖపట్నం జిల్లాల పల్లెల వాళ్లు అదే లైను పట్టుకుని వర్క్‌షాపుకీ లోకో షెడ్డుకీ వచ్చి పడ్డారు. మరి వాళ్ల యజమాని ఎవరు? నేలా పట్టాలూ బ్రిటిష్ ప్రభుత్వంలో ఇండియా వ్యవహారాలు చూసే మంత్రి పేరున, అంటే సర్కారువి. పెట్టుబడి లండన్ వాటాదారులది. ఒప్పందం ప్రకారం నడిపేది కంపెనీ. కలకత్తా గార్డెన్ రీచ్‌లో కూర్చుని కంపెనీ తరఫున మొత్తం చూసే పెద్ద దొర పదవికి పేరు 'ఏజెంటు'. జనరల్ మేనేజరన్న పేరు ఆ కుర్చీకి తర్వాత వచ్చింది. 1976లో జెన్సన్, మెక్లింగ్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు సొంతదారుకీ అతని తరఫున పనిచేసే ఏజెంటుకీ మధ్య పుట్టే ఖర్చుల గురించి ఒక వ్యాసం రాశారు, అది ఇప్పటికీ ప్రతి మేనేజ్‌మెంట్ స్కూల్లో చదివిస్తారు. ఈ ఊళ్లోనే, హిజ్లీ వైపున్న ఐఐటీలో కూడా. లైనుకి ఇవతల మాత్రం ఫిట్టర్లకీ ఖలాసీలకీ ఏజెంటంటే ఎవరో అంతకు ముప్పావు శతాబ్దం ముందే తెలుసు.

ఆనాటి రైల్వే కంపెనీలకి ఉన్న ఇంకో ఏర్పాటు వల్ల అసలు గొడవ వచ్చింది. వాటాదారుల పెట్టుబడి మీద వడ్డీకి ప్రభుత్వం హామీ ఉండేది. తొలి రైల్వే కంపెనీలకి అది 5 శాతం. బెంగాల్ నాగపూర్ నాటికి రేటు తగ్గింది గానీ హామీ పోలేదు. రైలు నడిచినా, నడవకపోయినా, నష్టం వచ్చినా ఆ వడ్డీ ఆగేది కాదు, తక్కువ పడినంతా ఇండియా రైతు కట్టే పన్నుల్లోంచి వెళ్లేది. ఇండియా వైస్రాయి కౌన్సిల్లో ఆర్థిక సభ్యుడిగా పనిచేసిన విలియం మాసీ 1872లో బ్రిటిష్ పార్లమెంటు కమిటీ ముందు కుండబద్దలు కొట్టినట్టు చెప్పాడు: అయిదు శాతం ఖాయమైన పెట్టుబడిదారుకి తన డబ్బు హుగ్లీలో పారబోశారా, ఇటుకా సున్నంగా మార్చారా అన్నది పట్టదు. వాటాల పొందికకీ పనితనానికీ ఉన్న సంబంధం గురించి అంత సూటిగా చెప్పినవాళ్లు తక్కువ. ఫలం ముందే ఖాయమైన యజమాని యజ్ఞం వైపు తల తిప్పడు. లెక్కలూ అడగడు. అడగాల్సింది హామీ ఇచ్చిన ప్రభుత్వం. అందుకే లండన్ బోర్డుల్లో ప్రభుత్వం తరఫున ఒక డైరెక్టరు కూర్చునేవాడు. వెల్లడి అంతా ఆ గదిలోనే, ఆ ఇంగ్లీషులోనే. రైలెక్కేవాడికీ, బోగీకి మరమ్మతు చేసేవాడికీ ఆ లెక్కల్లో పాత్ర లేదు, ఖర్చు పద్దుల్లో తప్ప.

1927లో ఆ ఖర్చు పద్దే తిరగబడింది. ఫిబ్రవరిలో ఖరగ్‌పూర్‌లో సమ్మె, కార్మికుల మీద కాల్పులు. అదే ఏడు సెప్టెంబరులో వర్క్‌షాపులో వెయ్యి మందికి పైగా తీసేస్తామన్న నోటీసు, మళ్లీ పోరాటం, డిసెంబరు దాకా. ఆ కార్మికుల వైపు నిలబడి మాట్లాడిన నాయకుల్లో బరంపురం తెలుగు కుటుంబంలో పుట్టిన వరాహగిరి వేంకటగిరి ఒకడు. తర్వాత 1969లో రాష్ట్రపతి అయిన గిరిగారే. ఆయన బేరమాడాల్సింది గార్డెన్ రీచ్ ఏజెంటుతో. ఆ ఏజెంటు వెనక లండన్ బోర్డు, బోర్డు వెనక హామీ వడ్డీ తీసుకునే వాటాదారులు, వాళ్లందరి వెనకా పట్టాల సొంతదారైన సర్కారు. కోపం ఎవరి మీద చూపించాలో తేల్చుకోవడానికే ఒక లాయరు కావాలి, గిరి లాయరు కూడా. ఇంతమందిని ఒకే గుడ్డలో మూటగట్టి యాజమాన్యమని పిలిస్తే కార్మికుడికి సౌకర్యమే. కానీ లోపల ఎవరు ఎవరికి ఏం చెప్పాలో, ఎవరు చెప్పకుండా దాచారో ఆ మూటలోనే ఉండిపోతుంది. అంతకు ముందే, రైల్వేల మీద వేసిన ఆక్‌వర్త్ కమిటీ 1921లో ఈ లండన్ పెత్తనం వద్దంది, రైల్వేలని ప్రభుత్వమే నడపాలంది. 1924లో రైల్వే పద్దు ప్రభుత్వ పద్దు నుంచి విడిపోయింది. బెంగాల్ నాగపూర్ మాత్రం 1944 అక్టోబరు 1 దాకా కంపెనీ చేతిలోనే ఉంది.

సొంతమూ నడపడమూ విడిపోయాయన్న సంగతిని సిద్ధాంతంగా చెప్పింది 1932లో అమెరికాలో బెర్లే, మీన్స్. వేలమంది చిన్న వాటాదారులు, వాళ్లని లెక్కచేయని జీతగాడు మేనేజరు. మన పాఠ్యపుస్తకాలు కూడా ఆ బొమ్మనే దించుకున్నాయి. 1999లో లా పోర్టా బృందం ఇరవై ఏడు ధనిక దేశాల పెద్ద కంపెనీలని పరిశీలిస్తే ఆ బొమ్మ చాలా దేశాల్లో కనబడనే లేదు. పెద్ద కంపెనీల వెనక ఎక్కువగా కనిపించింది కుటుంబం, లేకపోతే ప్రభుత్వం. మన దేశం సంగతి చెప్పనే అక్కర్లేదు. సొంతదారే నడుపుతాడు, వాళ్లబ్బాయి డైరెక్టరు, బావమరిది కొనుగోళ్లు చూస్తాడు. ఇక్కడ మోసం మేనేజరు వాటాదారుని చేసేది కాదు, పెద్ద వాటాదారు చిన్న వాటాదారుని చేసేది. బెర్ట్రాండ్, మెహతా, ముల్లైనాథన్ 2002లో మన వ్యాపార కుటుంబాల లెక్కలు తవ్వితే లాభాలు దారి తప్పిన తీరు దొరికింది. కుటుంబానికి వాటా తక్కువున్న కంపెనీ నుంచి వాటా ఎక్కువున్న కంపెనీలోకి అవి పారుతున్నాయి. ఇలాంటి చోట సొంతాన్నీ నడపడాన్నీ రెండు మాటలుగా విడదీస్తే లేని గోడ ఉన్నట్టు నటించడమవుతుంది. యాజమాన్యం అనడమే నిజానికి దగ్గర. మొదట్లో అజాగ్రత్తలా కనబడిన ఈ మాటని అందుకే నేను వెనకేసుకొస్తాను.

ఎంత వాటా ఉంటే యజమాని బుద్ధిగా ఉంటాడు? 1988లో మోర్క్, ష్లైఫర్, విష్ణీ అమెరికా కంపెనీల మీద కట్టిన లెక్క తమాషాగా ఉంటుంది. డైరెక్టర్ల వాటా 5 శాతం దాకా పెరిగేకొద్దీ కంపెనీ విలువ పెరిగింది, అక్కడి నుంచి 25 శాతం దాకా తగ్గింది, ఆ పైన మళ్లీ కాస్త పెరిగింది. కుర్చీ కదలకుండా చేసుకునేంత వాటా ఉండి, నష్టం తనకి గట్టిగా తగిలేంత లేకపోతే మనిషి చెడతాడన్నమాట.

హైదరాబాదు సాఫ్ట్‌వేర్ కంపెనీ సత్యం సంగతి ఇంకా వింత. 2008 నాటికి ప్రమోటర్ల వాటా తొమ్మిది శాతం లోపే, అందులోనూ చాలా భాగం తాకట్టులో. అయినా దాని వ్యవస్థాపకుడు రామలింగరాజుని సత్యం యజమాని అనే అందరూ అనుకున్నారు, రాశారు. బోర్డులో హార్వర్డ్ ప్రొఫెసర్, మాజీ క్యాబినెట్ కార్యదర్శి, ఐఎస్‌బీ డీన్. ఆ హార్వర్డ్ ప్రొఫెసరు కృష్ణ పాలేపు, ఆంధ్రా యూనివర్సిటీలో చదువుకున్నవాడు. కంపెనీలు లెక్కలు వెల్లడించడం గురించి ఆయనా పాల్ హీలీ కలిసి 2001లో రాసిన సమీక్ష ఆ శాస్త్రంలో అందరూ చదివేది. అదే బోర్డు 2008 డిసెంబరు 16న రాజు కుటుంబానివైన రెండు మేటాస్ కంపెనీల కొనుగోలుకి ఒప్పుకుంది. మదుపరులు మండిపడేసరికి కొన్ని గంటల్లోనే వెనక్కి తీసుకుంది. 2009 జనవరి 7న రాజు రాసిన ఉత్తరంలో 5,040 కోట్ల నగదు లేనే లేదని తేలింది. అంతకు కొన్ని నెలల ముందే ఆ కంపెనీకి సుపరిపాలనకి బంగారు నెమలి అవార్డు వచ్చింది. 2015లో హైదరాబాదు ప్రత్యేక కోర్టు రాజుకి ఏడేళ్ల శిక్ష వేసింది, పై కోర్టు అప్పీలు మీద దాని అమలు ఆపింది. ఆ ఉత్తరం తర్వాతే ప్రమోటర్లు తమ షేర్లు తాకట్టు పెడితే బయటికి చెప్పాలన్న నిబంధన సెబీ తెచ్చింది. 2013 కంపెనీల చట్టం ఆడిటర్లు మారుతూ ఉండాలంది, లిస్టయిన కంపెనీ బోర్డులో మూడో వంతు స్వతంత్ర డైరెక్టర్లుండాలంది.

ఇక్కడ ఖరగ్‌పూర్ నాకో మాట అందించింది. తెలుగులో ఆసామి అంటే పొలం పుట్రా ఉన్నవాడు, నలుగురిలో పరపతి ఉన్నవాడు. గోల్ బజార్లో బెంగాలీ పేపరు తిరగేస్తే ఆసామిని పోలీసులు జీపెక్కిస్తూ ఉంటారు. బెంగాలీలో ఆసామి అంటే నిందితుడు. రెంటి మూలమూ ఒకటే. పేర్లు అన్న అర్థమున్న అరబ్బీ మాట పారసీ మీదుగా కచేరీ కాగితాల్లోకి వచ్చింది. శిస్తు రికార్డులో పేరున్నవాడు మన దగ్గర ఆసామి అయ్యాడు, కోర్టు రికార్డులో పేరున్నవాడు అక్కడ ఆసామి అయ్యాడు. వెల్లడి అన్నదానికి ఈ రెండు వైపులూ ఉన్నాయి. పేరు కాగితం మీదికి ఎక్కితే గౌరవమూ వస్తుంది, జవాబుదారీ కూడా వస్తుంది. మొదటిది తీసుకుని రెండోది వద్దనేవాళ్ల కోసమే చట్టాలు రాసేది.

మళ్లీ రైల్వే దగ్గరికి. నింపురా వైపు ఒక రిటైరైన ఫిట్టరు ఫోన్లో తన ఐఆర్‌సీటీసీ షేర్లు చూపించాడు. "ఇన్నాళ్లూ మనం పని సేసినాం బాబూ, ఇప్పుడు మనమూ ఓనర్లమే" అన్నాడు. లోపల్నుంచి వాళ్లావిడ వెంటనే, "ఓనర్లమైతే కోటరు కాళీ సెయ్యమని కాయితం ఎందుకిచ్చినారంట?" అంది. రైల్వే కాలనీల్లో మూడు తరాలు పుట్టి పెరిగినా ఇంటి యజమాని అన్న మాటతో పని పడదు. గోడ మీద క్వార్టరు నంబరు ఉంటుంది, మనిషి మారతాడు, నంబరు ఉంటుంది. ఆవిడ అడిగింది మామూలు ప్రశ్న కాదు. చేసుకునేవాడివైతే ఫలం ఏదీ అని.

ఆయన షేర్ల కథ కూడా అదే ప్రశ్న అడుగుతుంది. రైలు టికెట్లు అమ్మే ఐఆర్‌సీటీసీ 2019 అక్టోబరులో స్టాక్ ఎక్స్చేంజీలో లిస్టయింది. 2021 నాటికి 67.4 శాతం కేంద్ర ప్రభుత్వానిది, మిగతాది ఆయనలాంటివాళ్లది. 2021 అక్టోబరు 28 సాయంత్రం కంపెనీ ఎక్స్చేంజీలకి ఒక ప్రకటన పంపింది: టికెట్ల మీద వచ్చే కన్వీనియన్స్ ఫీజులో సగం తమకి ఇవ్వాలని రైల్వే శాఖ కోరింది. మర్నాడు పొద్దున షేరు నాలుగో వంతుకి పైగా పడిపోయింది. ఆ రోజే నిర్ణయం వెనక్కి పోయింది. పెద్ద వాటాదారే నియమాలు రాసే శాఖ, ఆ శాఖే కంపెనీకి పని ఇచ్చేది, ఆ కంపెనీకి వచ్చే ఫీజులో సగం కావాలన్నదీ అదే. కుటుంబ కంపెనీలో ఇది జరిగితే టనలింగ్, అంటే లాభాలకి సొరంగం తవ్వడం, అంటాం. ఇక్కడ దాన్ని ఆపింది ప్రకటన పంపి తీరాలన్న లిస్టింగు నియమం, అది చూసి అమ్మేసిన చిన్న వాటాదార్లు. వెల్లడి వల్ల ఒక రాత్రిలో యజమాని వెనక్కి తగ్గిన సందర్భం మన దేశంలో నాకింత స్పష్టంగా మరొకటి కనబడలేదు.

లిస్టు కాని రైల్వేకి అలాంటి మర్నాడు లేదు. అక్కడ అడిగేది కాగ్ ఒక్కటే. 2017-18లో రైల్వే వంద రూపాయలు సంపాదించడానికి 98.44 రూపాయలు ఖర్చు పెట్టినట్టు లెక్క చూపింది. ఎన్టీపీసీ, ఇర్కాన్‌ల నుంచి ముందే పుచ్చుకున్న అడ్వాన్సులు తీసేస్తే అది 102.66 అయ్యేదని కాగ్ తేల్చింది. రెండూ ప్రభుత్వ కంపెనీలే. ఇచ్చిందీ పుచ్చుకుందీ ఒకే ఇంటివాళ్లు. తేలినప్పుడు ఏ షేరూ పడలేదు, పడటానికి షేరు లేదు. దినపత్రికల్లో ఒక రోజు వార్త అయింది. సొంత పద్దుగా 1924 నుంచి నడిచిన రైల్వే బడ్జెట్ కూడా 2017లో సాధారణ బడ్జెట్లో కలిసిపోయింది. ఏడాదికోసారైనా రైల్వే లెక్క విడిగా పార్లమెంటులో చదివి వినిపించే ఆనవాయితీ దాంతో పోయింది.

పత్రికల వాళ్లకి నేను చెప్పేది చిన్న సలహా. కుటుంబ కంపెనీకి యాజమాన్యం అనే రాయండి, అది సరైన మాట. వాటాలు చెదిరిపోయి జీతగాళ్లు నడిపే కంపెనీ అయితే నిర్వాహకులనండి. సత్యం లాంటి చోట యజమాని అని రాసేముందు వాటా ఎంతో ఒకసారి చూడండి. రైల్వేకి ఏం రాయాలన్నది నింపురాలో ఆవిడని అడగాలి. ఆవిడైతే 'ఆఫీసోళ్లు' అంటుంది.